ఇరుగుపొరుగు దేశముల రక్షణ – హొనొలూలు విద్యాకేంద్రము

సరిహద్దునకు ఆవలనున్న రాజు సహజశత్రువనియు, వానికి ఆవలనున్నవాడు సహజమిత్రుడనియు కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు రాజమండలమును వివరించెను. రాచరికములు అంతరించినను ఈ సూత్రము అంతరింపలేదు. పొరుగువాని సేనలెన్ని, నౌకలెన్ని, వాని మనసులోని మాట యేమి అను ప్రశ్నలకు సమాధానములు వెదకుటలోనే ప్రతి దేశపు రక్షణశాఖయు ఎంతో ధనమును, ఎందరో మేధావుల శ్రమను వెచ్చించుచున్నది.

దీనికి భిన్నమైన మార్గము మరియొకటి కలదు. పొరుగుదేశమున రక్షణ దస్త్రములు వ్రాయు అధికారిని పిలిచి, తమ దస్త్రములు వ్రాయు అధికారి ప్రక్కనే కూర్చుండబెట్టి, ఇరువురి యెదుటను ఒకే సమస్యను ఉంచుట ఆ మార్గము. ఈ పని కొరకే ఒక ప్రభుత్వము నడుపుచున్న విద్యాకేంద్రము పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న హవాయి ద్వీపములలో, హొనొలూలు నగరమున కలదు. 1995 సెప్టెంబరు 4వ తేదీన ఆరంభమైన ఈ సంస్థకు ఆసియా–పసిఫిక్ భద్రతాధ్యయన కేంద్రమని పేరు. 2015లో దానికి సెనేటరు డేనియల్ ఇనౌయె పేరు చేర్చబడినది. అమెరికా రక్షణశాఖ దీనిని నడుపుచున్నను, తుపాకి పట్టుట గాని, సేనలను నడుపుట గాని ఇచట బోధింపబడదు. ఇచటి బోధన అంతయు దేశముల మధ్య సహకారమును గురించినదే.

మాటలాడుకొన్నంత మాత్రమున దేశములకు రక్షణ కలుగునా అను సందేహము సహజము. దానికి సమాధానము ఆ కేంద్రపు పాఠ్యక్రమములో కంటె అది వెలసిన నేల చరిత్రలోనే స్పష్టముగా కనిపించును.

తుపాకుల తోట

హొనొలూలులో వైకికీ అను సముద్రతీరము లోకప్రసిద్ధి గాంచిన విహారస్థలము. ఆ తీరమునే ఫోర్ట్ డిరస్సీ అను సైనికస్థావరము కలదు. 20వ శతాబ్దపు తొలి దినములలో అమెరికా సైన్యము ఈ నేలను తీసికొని, 1911లో రాండాల్ఫ్ బ్యాటరీ అను ఫిరంగిమెట్టను నిర్మించెను. సముద్రముపై వచ్చు శత్రునౌకలను ముంచుటకు 14 అంగుళముల వ్యాసము గల పెద్ద ఫిరంగులు రెండింటిని అచట నిలిపిరి. వాని చుట్టును అతి మందమైన కాంక్రీటు గోడలు కట్టిరి. ఆ ఫిరంగులు శత్రునౌకపై ప్రయోగింపబడుట జరుగలేదు. దాడి వచ్చిన దినమున అది సముద్రము మీదుగా గాక ఆకాశము మీదుగా వచ్చెను.

కాలక్రమమున ఫిరంగులు తుక్కుగా మారినవి. వియత్నాము యుద్ధకాలమున ఇదే స్థావరము రణరంగమునుండి కొద్ది దినములు సెలవు పొందిన సైనికులకు విశ్రాంతిస్థలమైనది. 1976లో ఫిరంగిమెట్ట సైనిక వస్తుప్రదర్శనశాలగా మారెను. మొదట వైకికీలోనే ఒక వాణిజ్యభవనమున అద్దె గదులలో నడచిన భద్రతాధ్యయన కేంద్రము 2000 సంవత్సరమున ఈ స్థావరమునకు తరలివచ్చినది. నేడు ఒకే ఆవరణమున ఒకవైపు మూగవోయిన ఫిరంగిమెట్ట, మరియొకవైపు అనేక దేశముల అధికారులు చర్చించుకొను తరగతి గదులు కలవు.

ఈ ద్వీపములు స్వయముగా ఒక రాజ్యమై యుండెనన్న మాటయు మరువరానిది. 1893లో హవాయి రాణి లిలియువొకలాని సింహాసనమునుండి తొలగింపబడెను. 1898లో ద్వీపములు అమెరికాలో కలుపుకొనబడినవి. బలవంతుడైన పొరుగువాని యెదుట చిన్న రాజ్యము గతి ఏమగునో ఆ నేలకు తెలిసినంతగా మరి యే నేలకు తెలియును?

అందని తంతి

1941 డిసెంబరు 7, ఆదివారము. ఆ ఉదయము హొనొలూలు ప్రక్కనున్న పెరల్ హార్బరు నౌకాశ్రయముపై జపాను విమానములు విరుచుకుపడినవి. 2,400 మందికి పైగా అమెరికనులు మరణించిరి. అరిజోనా అను ఒక్క యుద్ధనౌకతోడనే 1,177 మంది జలసమాధియైరి. ఈ కథ అందరును ఎరిగినదే. ఆ ఉదయము హెచ్చరికలు లేకపోలేదు, అవి చేరవలసిన చోటికి చేరలేదు అన్న సంగతిని మాత్రము ఇంకొంత నిదానముగా పరిశీలింపవలసియున్నది.

ఉదయము 7 గంటల 2 నిమిషములకు ద్వీపపు ఉత్తరభాగమున రాడారు యంత్రము వద్ద నున్న ఇరువురు సైనికులు 130 మైళ్లకు మించిన దూరమున పెద్ద విమానసమూహము వచ్చుచున్నట్లు కనుగొనిరి. వెంటనే టెలిఫోనులో తెలియజేసిరి. ఆవల మాట విన్న అధికారి అవి ఆ ఉదయము రావలసియున్న అమెరికా బాంబరులే యని భావించి, దానిని గురించి చింతింపవలదని చెప్పెను.

అదే సమయమున వాషింగ్టనులో సైన్యాధిపతి జనరల్ జార్జి మార్షల్ మరియొక హెచ్చరిక వ్రాసెను. జపాను ప్రభుత్వము తన తుది లేఖను ఒంటిగంటకు కచ్చితముగా సమర్పింపవలెనని తన రాయబారులను ఆదేశించినట్లు రహస్యలిపి చదువుటవలన ఆయనకు తెలిసినది. ఆ ఒంటిగంట హవాయిలో ఉదయకాలము. టెలిఫోనును శత్రువులు వినవచ్చునని ఆయన దానిని ఉపయోగింపలేదు. సైన్యమువారి రేడియో మార్గము ఆ దినమున హొనొలూలుతో పనిచేయలేదు. కావున హెచ్చరిక సామాన్యమైన వాణిజ్య తంతిగా పంపబడెను. అది 7 గంటల 33 నిమిషములకు, అనగా దాడికి 22 నిమిషములు ముందుగా, హొనొలూలు తంతి కార్యాలయమునకు చేరినది. కాని అది అత్యవసరమని తెలుపు గుర్తు కవరుపై లేదు. తంతిని అందజేయు యువకుడు తక్కిన తంతులతోపాటు దానిని తీసికొని మోటారు సైకిలుపై బయలుదేరెను. ఆ యువకుడు జపాను సంతతివాడు. దారిలో సైనికుల అడ్డుగోడలు దాటి, 11 గంటల 45 నిమిషముల ప్రాంతమున సైనిక కార్యాలయమున దానిని అందజేసెను. రహస్యలిపి విప్పి సేనాని చేతికిచ్చునప్పటికి మధ్యాహ్నము 3 గంటలు కావచ్చినది. అప్పటికి నౌకాశ్రయము పొగతో నిండియుండెను.

ఇందు ద్రోహియెవ్వడును కానరాడు. ప్రతివాడును తన విధిని తన పద్ధతిలో నిర్వర్తించెను. దస్త్రము నడచినది, పని మాత్రము జరుగలేదు. సచివాలయములందు జీవితము గడుపువారికి ఇట్టి సంఘటన యందలి విషాదము వేరుగా చెప్పనక్కరలేదు. రహస్యమును కనుగొనుటకు అపారమైన మేధాశక్తి వినియోగింపబడెను. దానిని చేరవేయుటకు, అందుకొనుటకు తగిన ఏర్పాటు లేకపోయెను.

శత్రువని ముద్ర పడిన యువకుడు

ఆ ఆదివారమున హొనొలూలులో 17 సంవత్సరముల విద్యార్థి యొకడు రేడియోలో దాడి వార్త విని, రెడ్‌క్రాసు సహాయశిబిరమునకు పరుగెత్తి, గాయపడినవారికి కట్లు కట్టుటలో నిమగ్నుడాయెను. అతడే డేనియల్ ఇనౌయె. 1924లో హొనొలూలులోనే జన్మించినను, జపానునుండి వచ్చిన కుటుంబమునకు చెందినవాడగుటచే అతనికిని, అతనివంటివారికిని కొలది దినములలోనే శత్రుదేశీయులన్న ముద్ర పడెను. సైన్యమున చేరుటకు వారు అనర్హులైరి. ప్రధాన భూభాగమున 1942 ఫిబ్రవరి 19నాటి అధ్యక్షుని ఉత్తరువు ననుసరించి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారు ఇండ్లు విడిచి ముండ్లకంచెల మధ్య శిబిరములలో నివసింపవలసివచ్చెను. అది అన్యాయమని అమెరికా ప్రభుత్వము చట్టముద్వారా ఒప్పుకొని క్షమాపణ చెప్పుటకు 1988 వరకు పట్టినది.

1943లో జపాను సంతతి యువకులతో ప్రత్యేకదళమును ఏర్పరుపగనే, వైద్యవిద్య నభ్యసించుచున్న ఇనౌయె చదువు విడిచి సైన్యమున చేరెను. 1945 ఏప్రిల్ 21న ఇటలీలో ఒక కొండపై జరిగిన పోరాటమున ఆయన కుడిచేయి నష్టపడెను. శస్త్రవైద్యుడు కావలెనన్న కోరిక దానితో ముగిసినది. అధికారి దుస్తులలో, పతకములతో, ఒంటిచేతితో స్వదేశమునకు తిరిగివచ్చుచు పడమటి తీరమున ఒక క్షౌరశాలలో ప్రవేశింపగా, జపానువారికి ఇచట క్షౌరము చేయమని చెప్పి పంపివేసిరని ఆయనయే తరువాత చెప్పుకొనెను.

ఆ మనుజుడు న్యాయవాదియై, 1959లో హవాయి అమెరికాలో ఒక రాష్ట్రమైనప్పుడు దాని తొలి ప్రతినిధిగా ఎన్నికై, 1963నుండి 2012లో మరణించువరకు సెనేటరుగా నుండెను. 2000 సంవత్సరమున అమెరికాలోని అత్యున్నత సైనికపతకము ఆయనకు లభించినది. హొనొలూలు విద్యాకేంద్రము వెలయుటకు ముఖ్యముగా పాటుపడినవాడు ఈయనయే. శత్రువని ముద్ర పడినవాడు శత్రువు కాకపోవచ్చునను సంగతి ఆయనకు పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు.

కూటములనుండి తరగతి గదికి

మార్షల్ కథయు తంతితో ముగియలేదు. యుద్ధానంతరము విదేశాంగమంత్రియై, 1947 జూన్ 5న హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆయన చేసిన ఉపన్యాసమునుండియే శిథిలమైన ఐరోపా పునర్నిర్మాణమునకు మార్షల్ ప్రణాళిక పుట్టినది. 1953లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చెను. అయినను ఆ తరువాతి నాలుగు దశాబ్దములలో లోకము నడచిన దారి వేరు. ఇరుపక్షములును సైనిక కూటములను కట్టుకొనినవి. ఆసియాలో 1954లో మనీలా ఒప్పందముతో ఆగ్నేయాసియా కూటమి ఏర్పడెను. అందు ఆగ్నేయాసియాకు చెందిన రాజ్యములు థాయిలాండు, ఫిలిప్పీన్సులు మాత్రమే. తక్కినవన్నియు ఇతర ప్రాంతములనుండి వచ్చి చేరినవే. భారతదేశము అట్టి కూటములకు దూరముగా నుండుటయే మేలని తలచెను. ఆ కూటమి 1977లో రద్దయ్యెను.

1989 తరువాత ఐరోపాలో బెర్లిను గోడ కూలి, సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైనప్పుడు, నిన్నటి శత్రువుల సైనికాధికారులతో ఏమి చేయవలెనను ప్రశ్న ఉదయించినది. అమెరికా, జర్మనీ దేశములు కలసి, మార్షల్ ఉపన్యాసపు 46వ వార్షిక దినమైన 1993 జూన్ 5న జర్మనీలోని గార్మిష్ పట్టణమున జార్జి మార్షల్ కేంద్రమును ఆరంభించినవి. అంతకుముందు అదే పట్టణమున అమెరికా సైన్యము సోవియట్ దేశమును శత్రువుగా నెంచి అధ్యయనము చేయు విద్యాలయమును నడిపెను. ఇప్పుడు ఆ దేశములవారే విద్యార్థులై వచ్చిరి. ఈ నమూనా ననుసరించియే హొనొలూలులో రెండవ కేంద్రము వెలసినది. జపాను లొంగుబాటుపత్రముపై సంతకములు జరిగిన 1945 సెప్టెంబరు 2కు సరిగా 50 సంవత్సరముల 2 దినముల తరువాత అది ఆరంభమాయెను. పిమ్మట 1997లో అమెరికా ఖండములకు, 1999లో ఆఫ్రికాకు, 2000లో పశ్చిమాసియా–దక్షిణాసియాలకు, 2021లో ఉత్తరధ్రువ ప్రాంతమునకు ఇట్టి కేంద్రములే నెలకొల్పబడినవి.

బోధన విధానము

ఈ కేంద్రమునకు వచ్చువారు మంత్రులు కారు, సామాన్య సైనికులును కారు. కర్నలులు, నౌకాదళ అధికారులు, విదేశాంగ, హోంశాఖల కార్యదర్శులు, పోలీసు అధికారులు, విపత్తు నివారణ శాఖలవారు, స్వచ్ఛంద సంస్థలవారు ఇచటికి వచ్చుచుందురు. ప్రతి దేశమునందును విషయమును తొలుత పరిశీలించి, అభిప్రాయము వ్రాసి, పైకి పంపు అంతస్తు ఇదియే. మంత్రులు మారుదురు. ఈ అంతస్తువారు చిరకాలము నిలిచి, కొంతకాలమునకు తామే శాఖాధిపతులగుదురు. నేటి ఉపకార్యదర్శి పరిచయము పది సంవత్సరముల పిదప కార్యదర్శి పరిచయముగా ఫలించును.

ఉదయము ఒక ఉపన్యాసము జరుగును. తరువాత కొద్దిమంది చొప్పున వేరువేరు దేశములవారు ఒక బల్లచుట్టును కూర్చుండి దానిని చర్చింతురు. సముద్రరక్షణ, ఉగ్రవాదము, విపత్కాల నిర్వహణము, సరిహద్దులు దాటు నేరములు మొదలగునవి విషయములు. అచట పలికిన మాటను పలికినవాని పేరుతో బయట చెప్పరాదను నియమము కలదు. ఇది చూచుటకు స్వల్పమే. కాని ప్రతి మాటయు లిఖితపూర్వకముగా నమోదగు ఉద్యోగమున జీవించువారికి, ప్రభుత్వపు మాట గాక తన మాట చెప్పుటకు లభించు అవకాశము అరుదైనది. ప్రభుత్వముల మాటలు ఎదురుపడినచో వాదము పుట్టును. మనుజుల మాటలు ఎదురుపడినచో కొన్నిమార్లు ఆలోచన పుట్టును.

శిక్షణ పొందువాడు తన దేశమునకు తిరిగిపోయి ఆచరింపదగిన ఒక పనిని ఎన్నుకొని, దానికి ప్రణాళిక వ్రాసికొని పోవలెను. కేంద్రమున చదివినవారు ఇప్పటికి నూరు దేశములకు పైబడి, పదివేలకు మించి యున్నారు. వారు తమ తమ దేశములందు పూర్వవిద్యార్థి సంఘములు ఏర్పరచుకొని, ఒండొరులతో సంబంధము నిలుపుకొనుచున్నారు.

ఆక్షేపణలు

ఈ సంస్థను గురించి స్తుతివాక్యములు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. ధనము అమెరికా రక్షణశాఖది. అతిథిని పిలిచి ఆదరించు గృహస్థునకు తన ప్రయోజనము ఉండదనుట అమాయకత్వము. ఎవరిని పిలువవలెను, ఏ విషయము చర్చింపవలెను అను నిర్ణయము ఆహ్వానించువాని చేతిలోనిదే. అన్ని దేశములవారును బల్లచుట్టు సమానులైనను, బల్ల ఒక్క దేశమునకు చెందినది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. తరగతి గది యుద్ధమును ఆపినదా? గార్మిష్‌లో రష్యా, ఉక్రెయిను దేశముల అధికారులు ఇరువురును చదివినవారే. 2014లోను, 2022లోను జరిగినది లోకమెరుగును. ఆసియాలోను అంతే. హొనొలూలు కేంద్రము వెలసిన నాలుగు సంవత్సరములకే కార్గిల్ కొండలలో రక్తము ప్రవహించెను. 2020 జూన్ 15 రాత్రి గల్వాను లోయలో 20 మంది భారత సైనికులు వీరమరణము పొందిరి. రాజ్యములు నిశ్చయించుకొని యుద్ధమునకు దిగినప్పుడు అధికారుల పరిచయములు దానిని ఆపలేవు. ఉద్యోగపర్వమున సాక్షాత్తు శ్రీకృష్ణుని రాయబారమే విఫలమాయెను.

కావున ఇట్టి విద్యాకేంద్రమును శాంతిస్థాపకమని పొగడుట అతిశయోక్తి. యుద్ధమును కోరువారిని మార్చుట దాని వలన కాదు. ఎవ్వరును కోరని నష్టమును తగ్గించుట, అపోహను తొలగించుట, హెచ్చరికను వేళకు అందించుట ఇట్టి పరిచయములవలన కాగల పనులు. ఆ పనులు ఎంతటివో 2004లో హిందూమహాసముద్ర తీరమంతయు తెలిసికొనెను.

మరియొక ఆదివారము

2004 డిసెంబరు 26వ తేదీయు ఆదివారమే. ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా తీరమున సముద్రగర్భమున మహాభూకంపము సంభవించినది. హొనొలూలు సమీపముననున్న పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రమువారు దానిని పసిగట్టి, 15 నిమిషములలో ప్రకటన వెలువరించిరి. కాని ఆ ప్రకటన పోయినది పసిఫిక్ తీరదేశములకు. వారికి ఆ భూకంపమువలన ప్రమాదము లేదు. ప్రమాదమున్న హిందూమహాసముద్ర దేశములలో ఎవరికి ఫోను చేయవలెనో తెలుపు ఏర్పాటు అప్పటికి లేదు. అలలు భారతదేశపు తూర్పుతీరమునకు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ రెండు గంటలును వృథాగా గడచినవి.

సుమారు 2,30,000 మంది మరణించిరి. మన దేశమున మృతులు పదివేలకు మించిరి. ఆంధ్రతీరమున, ముఖ్యముగా నెల్లూరు, ప్రకాశము, కృష్ణా జిల్లాలలో, నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఉదయపు వేటకు పోయిన జాలరులు, తీరమున పుణ్యస్నానములు చేయుచున్న స్త్రీలు, బాలురు అందు కలరు. 1941లో హెచ్చరికను తెచ్చినవాడు ఆలస్యముగా వచ్చెను. 2004లో హెచ్చరిక సిద్ధముగానే యున్నను, దానిని అందుకొనువాని చిరునామా లేకపోయెను. రెండు సంఘటనలును ఒకే ద్వీపమునకు సంబంధించియుండుట గమనింపదగినది.

విపత్తు పిమ్మట జరిగినదియు చరిత్రయే. తన తీరమే దెబ్బతినియున్నను భారతదేశము కొలది గంటలలోనే నౌకలను శ్రీలంకకు, మాల్దీవులకు, అనంతరము ఇండోనేషియాకు పంపెను. భారతదేశము, అమెరికా, జపాను, ఆస్ట్రేలియా కలసి సహాయకార్యములను సమన్వయము చేసినవి. నేడు క్వాడ్ అని పిలువబడు నాలుగు దేశముల సంప్రదింపులకు బీజము ఆ సహాయకార్యములలోనే పడినది.

అంతకంటె తెలుగువారికి సన్నిహితమైన ఫలితము హైదరాబాదున కలదు. ఆ నగరమునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమున 2007 అక్టోబరు 15న సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయనారంభించినది. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతోపాటు అది హిందూమహాసముద్ర తీరమునందలి ఇరువదికి పైగా దేశములకు హెచ్చరికలు పంపు బాధ్యతను వహించుచున్నది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా ప్రాంతమున మరల పెద్ద భూకంపము వచ్చినప్పుడు ప్రకటనలు నిమిషములలో చేరవలసిన చోట్లకు చేరినవి. సముద్రము లేని నగరమునుండి సముద్రతీర దేశములకన్నిటికిని హెచ్చరిక పోవుచున్నది. యంత్రములు ఎంతటివైనను, ప్రతి దేశమునందును అర్ధరాత్రి ఫోను ఎత్తువాడొకడు నియమింపబడి, అతని పేరు, సంఖ్య ఇతరులకు తెలిసియుండుటయే ఈ ఏర్పాటునకు ప్రాణము.

విశాఖ తీరము

పెరల్ హార్బరు దాడి జరిగిన నాలుగు నెలలకు, 1942 ఏప్రిల్ 6న, జపాను నౌకాదళ విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. మరణించినవారు కొద్దిమందియే యైనను, భయముచే వేలాది కుటుంబములు పట్టణమును విడిచి పల్లెలకు తరలిపోయినవి. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధము తుదిదశ నందుకొన్నప్పుడు, ఎంటర్‌ప్రైజ్ అను అణుశక్తి విమానవాహక నౌకతో కూడిన అమెరికా దళమొకటి బంగాళాఖాతమున ప్రవేశించినది. అది హవాయి కేంద్రస్థానముగా గల అమెరికా పసిఫిక్ సైనికాధిపత్యమునకు చెందినది. ఆ ప్రవేశమును ఈ దేశము బెదిరింపుగానే గ్రహించెను.

2020 నవంబరు 3 మొదలు 6 వరకు అదే విశాఖ తీరమున మలబార్ విన్యాసముల తొలిదశ జరిగినది. భారత నౌకలతోపాటు జపాను, అమెరికా, ఆస్ట్రేలియా దేశముల నౌకలు అందు పాల్గొనినవి. 1942లో బాంబులు వేసిన దేశపు నౌకయు, 1971లో బెదిరించిన దేశపు నౌకయు అతిథులై వచ్చినవి. పొరుగు శాశ్వతశత్రువన్న సూత్రమును గాని, మిత్రుడు శాశ్వతమిత్రుడన్న భ్రమను గాని ఈ తీరము అంగీకరింపదు. ఆ మార్పు ఒక దినమున రాలేదు. ఎందరో అధికారులు ఎన్నో బల్లలయొద్ద కూర్చుండగా, దశాబ్దములుగా వచ్చినది.

ఇట్టి బల్లలను వేయుటలో భారతదేశము వెనుకబడియుండలేదు. 1947 మార్చి, ఏప్రిల్ నెలలలో, స్వాతంత్ర్యము రాకముందే, ఢిల్లీ పురానాకిల్లాలో ఆసియా దేశముల సమావేశము జరిగినది. హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు దానికి అధ్యక్షత వహించెను. 1960లో నెలకొల్పబడిన జాతీయ రక్షణ కళాశాల విదేశీయాధికారులకును స్థానమిచ్చుచున్నది. 1965లో రక్షణాధ్యయన సంస్థ ఢిల్లీలో వెలసినది. 1964లో ఆరంభమైన సాంకేతిక, ఆర్థిక సహకార పథకము క్రింద ఎన్నో దేశముల ఉద్యోగులు మన దేశమునకు వచ్చి శిక్షణ పొందుచున్నారు. హొనొలూలు కేంద్రము పుట్టిన 1995లోనే నాలుగు విదేశ నౌకాదళములతో పోర్టుబ్లెయిరులో ఆరంభమైన 'మిలన్' సమ్మేళనము 2022లోను, 2024లోను విశాఖపట్టణమున జరిగినది. 2018లో గురుగ్రామమున నెలకొల్పబడిన సముద్రసమాచార కేంద్రమున మిత్రదేశముల అధికారులు మన అధికారులతో కలసి కూర్చుండి, హిందూమహాసముద్రమున నౌకల రాకపోకలను పరిశీలించుచున్నారు. అచట బల్ల మనది. హొనొలూలు బల్లను గురించి వేసిన ప్రశ్నలను ఈ బల్లను గురించియు వేసికొనుట మనకు మేలు.

హొనొలూలులోని ఫిరంగిమెట్టను కట్టినవారు శత్రువు వచ్చు దిక్కును ముందే నిర్ణయించుకొని గోడలు కట్టిరి. శత్రువు ఆ దిక్కునుండి రాలేదు. సముద్రమునకు గోడ లేదు. దాని అలకు సరిహద్దు లేదు. అందువలన సముద్రతీర రాజ్యములు తమ రక్షణకొరకు సైన్యములను ఎంత పోషించినను, ఆవలి ఒడ్డున తమ హెచ్చరికను నమ్మి అందుకొను మనుజునొకనిని సంపాదించుకొనక తప్పదు. అట్టి మనుజుడు ఆపదవేళ దొరకడు. ఆపదకు ముందు, ప్రశాంతమైన దినములలో, కలసి చదువుకొన్ననాడు మాత్రమే దొరకును.

అందని తంతిని వ్రాసిన మార్షల్ పేరిట ఒక విద్యాకేంద్రము, శత్రువని పిలువబడిన ఇనౌయె పేరిట మరియొకటి వెలయుట కేవలము కాకతాళీయము కావచ్చును. అయినను ఆ పేర్లను చదువు ప్రతి అధికారియు తన బల్లపైనున్న కవరునొకమారు తిప్పి చూచుకొనుట మంచిది. దానిపై 'అత్యవసరము' అను గుర్తు లేకపోవచ్చును.